మాకు అర్థం కాదనుకున్న పాఠం

మా తమ్ముడి మనుమరాలు స్టెల్లా పోయిన నెల ఒక ఆదివారం పూజ ముగియగానే తిన్నగా మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూర్చుని, సంచిలో నుండి ఒక నోటుపుస్తకం తీసి నా ఒళ్లో పెట్టి, "చూడు నానమ్మా" అంది. తెరిచి చూస్తే నాలుగు పేజీల నిండా ఒకటే వాక్యం. "నేను కోతి నుండి రాలేదు, దేవుడు నన్ను చేశాడు." వందసార్లు. మొదటి పేజీలో అక్షరాలు గుండ్రంగా, పొందికగా ఉన్నాయి. నాలుగో పేజీకి వచ్చేసరికి అవి ఒరిగిపోయాయి. ఒకటి రెండు చోట్ల పెన్ను ఒత్తిడికి కాగితం చిరిగింది కూడా.

స్టెల్లా కామారెడ్డిలో పదో తరగతి చదువుతోంది. ఈ ఏడు దానికి భద్రమైన అభ్యంగనం. పసితనంలో జ్ఞానస్నానం పొందిన మా కథోలిక పిల్లలు, పెద్దయ్యాక పీఠాధిపతులైన బిషప్పుగారి చేతుల మీదుగా పరిమళ తైలం పూయించుకుని, ఈ విశ్వాసం నాదేనని తమ నోటితో చెప్పుకునే సంస్కారం అది. దానికి ముందు కొన్ని నెలలు ఆదివారం ఆదివారం సత్యోపదేశం తరగతికి పోవాలి. మా గుడిలో ఆ తరగతి చెప్పేది ఫోన్ల దుకాణం నడిపే ఒక యువకుడు. మొదటి మనిషి ఎవరని అతను అడిగితే అందరూ ఆదాము అన్నారట. మా పిల్ల కూడా ఆదామే అని, ఊరుకోకుండా, "గని సార్, ఆయనకంటె ముందు కూడ మనుషులసొంటి జీవులు ఉండె గదా, మా బుక్కుల ఉంది" అందట. అందుకు ఈ వందసార్లు. రాయకపోతే అభ్యంగనం లేదన్నాడట.

"రాసినవా మరి?" అన్నాను.

"రాసిన."

"ఎందుకు రాసినవ్?"

"మమ్మీ ఏడ్సింది నానమ్మా" అని తల వంచుకుంది.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ బడుల్లో జీవశాస్త్రం చెప్పిన మనిషిని. మనం కోతి నుండి వచ్చామని ఆ శాస్త్రం కూడా ఎక్కడా చెప్పదు. కోతికీ మనకూ ఎక్కడో చాలా వెనక ఒకే పూర్వీకులున్నారని చెబుతుంది. అంటే ఆ యువకుడు పిల్ల చేత వందసార్లు కొట్టివేయించిన మాట అసలు ఎవరూ అనని మాట. నేను ఆదివారం పూజ తప్పించని మనిషిని కూడా. ఈ రెండూ నాలో ఏనాడూ కొట్లాడుకోలేదు. వాటి తరఫున కొట్లాడినవాళ్లు వేరే. వాళ్లను మొదటిసారి చూసినప్పుడు నాకు సరిగ్గా స్టెల్లా వయసే. ఆ నోటుపుస్తకం ఒళ్లో ఉంచుకుని కూర్చుంటే నా ఒళ్లంతా మండిపోయింది. ఆ మంట స్టెల్లా ఒక్కదాని కోసం కాదు. ఎల్లారెడ్డి బడిలో నా పక్కన కూర్చున్న రోజమ్మ కోసం.

మా బాపు ఎల్లారెడ్డిలో ఉపదేశి. చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపి ఒక విచారణ. దాని గురువులైన ఫాదర్ నెలకొకసారి కూడా పోలేని ఊళ్లకు సైకిలు మీద పోయి జపాలు నేర్పడం, పిల్లలకు సత్యోపదేశం చెప్పడం, రోగులకు ధైర్యం చెప్పడం, చావు జరిగిన ఇంటికి అందరికంటే ముందు చేరడం ఆయన పని. మా ఇంట్లో రెండు వాసనలు ఎప్పుడూ ఉండేవి. ఒకటి కాలిన కొవ్వొత్తిది. రెండోది అవ్వ, అంటే మా అమ్మ, చాటలో ఉండే తునికాకుదీ పొగాకుదీ. అవ్వ పొద్దంతా బీడీలు చుట్టేది, చుడుతూనే జపమాల చెప్పేది. పూసలు తిప్పడానికి చేతులు ఖాళీ ఉండవు కాబట్టి బీడీలతోనే లెక్క పెట్టుకునేది. పది బీడీలైతే పది మంగళవార్త జపాలు. ఫాదర్ చూస్తే ఏమనుకుంటారని బాపు గొణిగితే, "మరియమ్మ కూడ పని చేసుకున్న ఆడిదేనాయె, ఏమనుకోదు" అనేది. బాపు తెల్లధోవతిని నీలిమందు పెట్టి తానే ఉతుక్కునేవాడు. సైకిలు గొలుసుకు ఆముదం రాసి, ఆ చేతిని ఎంత కడిగినా ధోవతికి ఒక మరక అంటించుకునే బయలుదేరేవాడు.

సైకిలు కమ్మీకి మైనపుగుడ్డలో చుట్టిన పటాలు వేలాడేవి. సృష్టి ఆరు దినాల పటాలు ఆరు. పశువుల కొట్టంలోనో, ఎవరి వాకిట్లోనో గుంజకు వాటిని తగిలించి, కందికట్టెతో చూపిస్తూ చెప్పేవాడు. ఒకటో దినం వెలుగు, రెండో దినం ఆకాశం, అట్లా ఆరో పటంలో ఆదాము. బంగారురంగు జుట్టుతో, పాలలాంటి ఒంటితో చెట్టు కింద నిలబడి ఉండేవాడు. "మన దిక్కు ఎండకు ఈయన రెండు దినాలు కూడ ఆగకపోవు" అని అవ్వ నవ్వేది. బాపు నవ్వేవాడు కాదు. ఆ పటాలను ఆయన పూజలో తీసుకునే దివ్యసత్ప్రసాదం తర్వాత అంత పవిత్రంగా చూసేవాడు. ఆయనకు తెలుగు చదవడం వచ్చు. ఉపదేశుల శిక్షణలో కొన్ని నెలలు నేర్పిందే ఆయన చదువంతా. అందులో ఒక్క అక్షరం తేడా రాకుండా చెప్పడం తన బాధ్యతని నమ్మాడు.

బడిలో మాకు జీవశాస్త్రం చెప్పే వైకుంఠం సారు రంగు సుద్దలతో బొమ్మ వేస్తే దాన్ని చెరపడానికి మనసొప్పేది కాదు. జీవపరిణామం పాఠం రోజు ఆయన నల్లబల్ల ఈ చివర చేపను వేసి, దాని పక్కన కప్పను, బల్లిని, ఇంకా ఏవేవో వేసుకుంటూ ఆ చివర మనిషిని నిలబెట్టారు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అప్పుడు ఆయన సుద్ద కిందపెట్టి, చేతులు దులుపుకుని, "ఉపదేశి బిడ్డా, లే" అన్నారు.

లేచాను.

"మీ బాపు ఊరూరు తిరిగి మనిషిని దేవుడు మట్టితోని చేసిండని చెప్తడు గద. ఎన్ని తట్టల మట్టి పట్టిందో అడిగినవా ఎన్నడన్న?"

తరగతి గొల్లుమంది. ఆ సారు తన దేవుణ్ణి భద్రంగా ఇంట్లో ఉంచి బడికి వచ్చేవారు. నా దేవుణ్ణి మాత్రం నల్లబల్ల దాకా లాగి నిలబెట్టారు. నా పక్కనున్న రోజమ్మ తనను ఎవరూ లేవమనకుండానే లేచి, "సార్, పాఠం చెప్పుండ్రి సార్" అంది. మర్యాదగానే అంది. నవ్వు ఆగిపోయింది. రోజమ్మ మూడు మైళ్ల అవతలి ఊరి నుండి నడిచి వచ్చేది. లెక్కల్లోనూ, సైన్సులోనూ దానిదే మొదటి స్థానం. వాళ్లూ మా విచారణవాళ్లే. బాపు పటాలు చూసి పెరిగిన పిల్లే.

ఇంటికి పోయి ఏడుస్తూ చెప్పాను. బాపు సగం జొన్నరొట్టె తిని కంచం పక్కకు జరిపాడు. మర్నాడు ఉతికిన ధోవతి కట్టుకుని బడికి వచ్చాడు. వైకుంఠం సారు కుర్చీలో కూర్చుని ఉన్నారు, బాపును కూర్చోమనలేదు.

"సార్, పిల్లకు ఆ పాఠం చెప్పకుండ్రి" అన్నాడు బాపు.

"పరీక్షల వస్తది. చెప్పక ఎట్ల?"

"వస్తే ఒదిలిపెడ్తది."

"నీ జపాలు నీ కాడ పెట్టుకో ఉపదేశీ. ఇది గవర్మెంటు బడి" అని సారు మొహం తిప్పుకున్నారు. కిటికీ బయట నిలబడి నేను అంతా విన్నాను.

బాపు ఊరికే ఉండే మనిషి కాదు, అట్లాగని తెలియని విషయంలో తొందరపడే మనిషీ కాదు. నేరుగా ఫాదర్ దగ్గరికి పోయి, మన పిల్లలు ఆ పాఠం చదవొచ్చా అని అడిగాడు. మా ఫాదర్ గుంటూరు వైపు నుండి వచ్చిన పెద్దమనిషి, శాంతస్వభావుడు. పేపరు మీది నుండి కళ్లు ఎత్తి, "వాళ్ల గోల మనకెందుకయ్యా, మన బోధ మనం చెప్పుకుంటూ పోవాలి" అన్నారట. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. బాపు దాన్ని వద్దనే అర్థం చేసుకున్నాడు. ఇంకెట్లా అర్థం చేసుకుంటాడు? ఆ వారం నుండి ఊరూరా పటాలు విప్పినచోటల్లా, బడిలో చేప మనిషి అయిందని చెప్తున్నారనీ, అది చదివిన పిల్లల విశ్వాసం పోతుందనీ హెచ్చరించడం మొదలుపెట్టాడు. చాలామంది విని ఊరుకున్నారు. రోజమ్మ తండ్రి ఇన్నయ్య ఊరుకోలేదు. ఉపదేశి మాట ఆయనకు దేవుడి మాటతో సమానం. పిల్లను బడి మాన్పించాడు.

నాలుగు రోజులు నా పక్కన చోటు ఖాళీగా ఉండేసరికి అయిదో రోజు నేను నడుచుకుంటూ వాళ్ల ఊరికి పోయాను. రోజమ్మ వసారాలో చాట ముందేసుకుని బీడీలు చుట్టడం నేర్చుకుంటోంది. వేళ్లకు ఇంకా అలవాటు కాలేదు, ఆకు చిరిగిపోతోంది.

"మీ బాపు చెప్పిండని మా బాపు వద్దన్నడు" అంది. నా మీద కోపం లేదు దానికి. ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఇంకో ఆకు తీసుకుని, "మరి సారు ఆ పాఠం అయిపాయె అనిపిచ్చిండా? చేప కాడికెళ్లి కప్ప ఎట్లయిందో చెప్పిండా? నాకు చెప్పవా" అని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. అది ఆకులు చింపుతూ విన్నది.

ఆ తర్వాత కొద్ది వారాలకే అనుకుంటాను, ఏదో పండుగనాడు అవ్వ కోడికూర వండి, టిఫిను డబ్బాలో పెట్టి ఫాదర్ బంగ్లాకు నా చేత పంపింది. ఆయన లోపల చేతులు కడుక్కుంటున్నారు. బల్ల మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెరిచి ఉంది. అందులో పుర్రెల బొమ్మలు. ఒకదాని పక్కన ఒకటి, నుదురు కొద్దికొద్దిగా లేస్తూ. అచ్చం వైకుంఠం సారు నల్లబల్ల మీద వేసినట్టే. పంక్తుల కింద ఎర్రసిరాతో గీతలు, అంచుల్లో ఆయన చేతిరాత. నేను చూస్తుండగానే ఆయన తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"ఇది మీరు చదివిన్రా ఫాదర్?"

"సెమినరీలో చదివానమ్మాయ్. మా పాఠమే అది."

"చదవొచ్చా?"

"తప్పేముంది? శరీరం ఎలా వచ్చిందో శాస్త్రం వెతుక్కోవచ్చు. ఆత్మను ఇచ్చేవాడు మాత్రం దేవుడు. నువ్వు పుట్టకముందే రోము నుండి పోపుగారు రాశారు ఆ సంగతి. ఆదికాండం మనకు ఎవరు చేశారో, ఎందుకు చేశారో చెబుతుంది. ఎన్నాళ్లు పట్టిందో లెక్క చెప్పడానికి రాసింది కాదు." కోడికూర మూత తీసి వాసన చూసి చిరునవ్వు నవ్వారు.

"మరి మా బాపుకు చెప్పలేదేంది ఫాదర్?"

ఆయన ముఖంలో ఏ కల్మషమూ లేదు. అదే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది. ఎంతో దయగా, "మీ నాన్నలాంటి వాళ్లకు ఇవి అర్థం కావమ్మా. ఉన్న విశ్వాసం కాస్తా కదిలిపోతుంది" అన్నారు.

వైకుంఠం సారు నవ్వులపాలు చేసినప్పుడు నాకు సిగ్గు వేసింది. ఇప్పుడు కోపం వచ్చింది. జీవితంలో మొదటిసారి కోపమంటే ఏమిటో తెలిసింది. సారు మమ్మల్ని ఎగతాళి చేశారు, నిజమే, కానీ తనకు తెలిసింది మా ముందు పెట్టారు. ఈయన మమ్మల్ని ప్రేమించారు, తనకు తెలిసింది బీరువాలో పెట్టుకున్నారు. ఎవరికి అర్థం కాదు? ఏ బడికీ పోకుండా వానరాకను, విత్తనం తీరును, పశువు రోగాన్ని చూసి చెప్పే మనుషులకా? చేప కప్ప ఎట్లయిందో తెలుసుకోవాలని బీడీ ఆకులు చింపుకున్న పిల్లకా?

ఇంటికి పోయేసరికి బాపు గొలుసుకు ఆముదం రాస్తున్నాడు. చెప్పాను, ఒక్క మాట వదలకుండా చెప్పాను. ఆయన బూడిదతో చేతులు రుద్ది కడుక్కుని, సైకిలు తీయకుండా నడిచి బంగ్లాకు పోయాడు. తిరిగొచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

"అడిగినవా బాపు?"

"అడిగిన."

"ఏమన్నడు?"

"నిజమే అన్నడు." గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "నాకు తెల్వదని ఆయనకు తెలుసు బిడ్డా. తెల్వదని తెలిసే నన్ను ఊర్ల మీదికి తోలిండు." అవ్వ చాట పక్కనపెట్టి వచ్చి ఆయన దగ్గర కూర్చుంది.

మర్నాడు నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని రోజమ్మ వాళ్ల ఊరికి తొక్కాడు. బాపు ఇన్నయ్య ఇంటి వాకిట్లో నిలబడి, తన భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. తాను నిలబడి ఊరికి బోధించే మనిషి అట్లా నిలబడడం నేను అంతకుముందు చూడలేదు.

"ఇన్నన్నా, నేను తప్పు చెప్పిన. ఆ పాఠం చదివితే పాపం లేదు. పిల్లను బడికి పంపే."

ఇన్నయ్య నొచ్చుకున్నాడు. "మొన్న దేవుని మాటంటివి, ఇయ్యాల తప్పంటివి. రేపు ఇంకేమంటవో ఎవనికెరుక? పిల్లకు సంబంధం ఖాయమైంది. ఇగ ఆ ముచ్చట ఇడువు." అయినా లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి బాపు చేతికిచ్చాడు. తలుపు వెనక రోజమ్మ పావడా అంచు కనబడింది. అది బయటికి రాలేదు.

ఆ తర్వాత బాపు నన్ను ఒక కోరిక కోరాడు. ఆ పాఠం తనకు చదివి వినిపించమన్నాడు. సాయంత్రం పూట, దీపం పెట్టే వేళకు, ముక్క ముక్కగా చదివాను. మధ్య మధ్య ఆపి అడిగేవాడు. కాళ్లు రావడానికి చేపకు ఎన్ని ఏండ్లు పట్టిందంటే కోట్ల ఏండ్లన్నాను. లెక్క అందక అవ్వ వైపు చూశాడు. "అంత ఓపిక దేవునికి గాక ఎవరికుంటది" అన్నాడు. అప్పటి నుండి పటాలు విప్పినచోట, "ఇవి దేవుని దినాలు, మన దినాలు కావు. ఒక్కో దినం ఎంత పొడుగో ఆయనకే ఎరుక" అని చెప్పేవాడు. ఏ సెమినరీలోనూ చదవని మనిషికి ఒక్క వారంలో అర్థమైంది. వైకుంఠం సారు నాకు మంచి మార్కులు వేశారు, ఆనాటి ఎగతాళిని మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఫాదర్ బదిలీ అయి వెళ్లిపోయారు. వెళ్లేదాకా పీఠం మీద నిలబడి ఆ సంగతి ఒక్కసారైనా చెప్పలేదు.

రోజమ్మ బీడీలతోనే ఇద్దరు ఆడపిల్లలను చదివించింది. పెద్దది నర్సు అయింది. రెండేళ్ల కింద ఎల్లారెడ్డి బస్టాండులో కలిసినప్పుడు దాని వేళ్లు వంగిపోయి ఉన్నాయి. "పిల్లలకు చెప్తివా ఆ పాఠం?" అని అడిగింది. ఏటేటా చెప్పానన్నాను. "మంచిగ చెప్పినవా?" అంది. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

ఇంత జరిగిన మనిషి ఒళ్లోకి వందసార్లు రాసిన ఆ నోటుపుస్తకం వచ్చింది. స్టెల్లాను ఇంట్లోనే ఉంచి, ఆటో ఎక్కి మా ఇప్పటి ఫాదర్ దగ్గరికి పోయాను. ఈయన కుర్రవాడు, మా తెలంగాణ బిడ్డే. నోటుపుస్తకం ఆయన ల్యాప్‌టాప్ మీద పెట్టాను. రెండు పేజీలు తిప్పి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"గిట్ల రాయించాల్సింది కాదు టీచరమ్మా. నాకు తెలుసు. సెమినరీల దీని మీద మేము పేపరే రాసినం."

"తెలిసి ఎందుకు చెప్పలేదు ఫాదర్?"

"ఇప్పుడు అందరు ఫోన్ల బయటి పాస్టర్ల వీడియోలు చూస్తున్రు. మనం గిది చెప్తే, వీళ్లకు విశ్వాసమే లేదని బయట అంటరు. మనోళ్లకు అర్థం కాదు టీచరమ్మా. మెల్లమెల్లగ చెప్పాలె."

అవే మాటలు. ఊరు మారింది, యాస మారింది, పేపరు పోయి ల్యాప్‌టాప్ వచ్చింది, మాట మాత్రం అదే. ఆ రోజుల్లో మా ఇంట్లో పుస్తకం అంటే బైబిలూ, జపాల పుస్తకమూ. ఇప్పుడు ప్రతి చేతిలో లోకం చదువంతా ఉంది. కొన్నిచోట్ల పిల్లలకు బరువెక్కువైందని ఈ పాఠాన్నే పుస్తకాల్లో నుండి తగ్గించారని కూడా విన్నాను. పిల్లలకు బరువట, పెద్దలకు అర్థం కాదట. మరి ఎవరి కోసం దాచిపెట్టారు దీన్ని?

"ఎంత మెల్లగ ఫాదర్?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "మా బాపు సచ్చిపోయిండు. నా దోస్తు చదువు పోయింది. నేను ముసలిదాన్నయిన. ఇంక ఎంత మెల్లగ?"

ఇంకొక్క మాట కూడా అన్నాను. పిల్లతో రాయించింది గుడిలో కాబట్టి, తప్పని చెప్పడం కూడా గుడిలోనే జరగాలి. నాకు చెవిలో చెబితే చాలదు.

ఆ తర్వాతి ఆదివారం ఫాదర్ పూజ చివరి ప్రకటనల్లో, పండుగ ఏర్పాట్లకూ గాయకబృందం సాధనకూ మధ్యలో, మూడు వాక్యాలు చెప్పాడు. సృష్టిని నమ్మే కథోలికులు పరిణామ పాఠం చదువుకోవడంలో తప్పు లేదన్నాడు. పిల్లలను అందుకు శిక్షించకూడదన్నాడు. సందేహాలుంటే తన దగ్గరికి రమ్మన్నాడు. గబగబా చెప్పాడు, కానీ మైకులో చెప్పాడు. సత్యోపదేశం చెప్పే యువకుడు చేతులు కట్టుకుని గోడ దగ్గర నిలబడి విన్నాడు, ఆ పైవారం నుండి తరగతికి రాలేదు. రెండు కుటుంబాలవాళ్లు ఎదురుపడితే నాకు స్తోత్రం చెప్పడం మానేశారు. తరగతి చెప్పేవాళ్లు లేక ఫాదర్ నన్నే చెప్పమన్నాడు, చెబుతున్నాను. స్టెల్లా అభ్యంగనం పొందింది. దాని తల్లి ఆ రోజు కూడా ఏడ్చింది, ఈసారి సంతోషంతో. నేను ఏడవలేదు. మూడు వాక్యాలు. అవి ఎల్లారెడ్డిలో ఆనాడే ఎవరైనా చెప్పి ఉంటే ఎంతసేపు పట్టేది?

మొన్న శనివారం, చేసిన పాపాలు ఫాదర్‌కు చెప్పుకునే పాపసంకీర్తనానికి పోయాను. ఫాదర్ ముందు మోకరించి, జపాలు అశ్రద్ధ చేశాననీ, పక్కింటామె మీద విసుక్కున్నాననీ, ఒక శుక్రవారం ఉపవాసం తప్పాననీ చెప్పాను. ఆయన చాలాసేపు ఎదురుచూశాడు. ఏ కోపం గురించి చెబుతానని ఎదురుచూస్తున్నాడో మా ఇద్దరికీ తెలుసు.

"ఇంకేమన్న ఉందా అమ్మా?" అన్నాడు.

"లేదు ఫాదర్" అన్నాను.